కొత్త ప్రజాతిని వర్ణించబోయే ముందు

చిరంజీవికి శుభాశీస్సులు.

నీవు పంపిన చిత్రాలు శ్రద్ధగా చూశాను. మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఆ యాంఫిపోడ్ (రొయ్యల వర్గానికి చెందిన చిన్న జీవి) తెలిసిన ఏ ప్రజాతిలోనూ (జీనస్) ఇమడటం లేదని రాశావు. అది నిజమే కావచ్చు గాని, ఇమడకపోవడం ఒక్కటే కొత్త ప్రజాతికి ఆధారం కాదు. అదే కుటుంబంలో దీనికి దగ్గరి బంధువులేవో, వాటి నుంచి ఏ లక్షణాల కలయికతో ఇది వేరుపడుతోందో చూపాలి. ఒక్క ముల్లు ఎక్కువైనంత మాత్రాన కొత్త జాతి (స్పీషీస్) కావచ్చునేమో గాని, ప్రజాతి కాదు.

ముందుగా వయసునూ లింగాన్నీ అనుమానించు. 1828లో జంతుశాస్త్రవేత్త గ్రే సెరాటాస్పిస్ మాన్‌స్ట్రోసా అని పేరుపెట్టిన వింతజీవి లోతు సముద్రపు రొయ్య డింభకమేనని 2012లో గాని డీఎన్‌ఏ పరీక్షల వల్ల తేలలేదు. యాంఫిపోడ్ పిల్లలు తల్లి సంచిలోంచి పెద్దవాటి పోలికతోనే బయటికి వస్తాయి కనుక నీకు అంత ప్రమాదం లేదు. కానీ చాలా యాంఫిపోడ్లలో మగదాని గ్నాథోపాడ్లు (పట్టుకోవడానికి వాడే ముందరి కాళ్లు) ఆడదాని వాటికంటే ఎంతో పెద్దవిగా, వేరే ఆకారంలో ఉంటాయి. నీ దగ్గరున్నవన్నీ ఆడవే అయితే, సంచి పలకల అంచున పొడవైన శూకాలున్నాయో లేవో చూసి, పరిపక్వమైన వాటినే వర్ణనకు తీసుకో.

హోలోటైప్‌ను, అంటే జాతి పేరుకు ప్రమాణంగా నిలిచే ఒకే నమూనాను, వీలైనంత వరకు విడదీయకు. ఆ పనికి పారాటైప్‌లు (వర్ణనలో దానితో పాటు పేర్కొనే మిగతా నమూనాలు) ఉన్నాయి. వాటిలోనూ ఒక పక్క ఉపాంగాలనే తీసి, రెండో పక్కను అలాగే ఉంచు. నోటి భాగాల దగ్గర తొందర వద్దు. స్లైడు మీద కప్పే కవర్‌స్లిప్ గాజు బరువుకు మాండిబుల్ (దవడ) పక్కకు ఒరిగితే దానికి ఉన్న పల్ప్ (చిన్న కణుపుల ఉపాంగం) కూడా లేనట్టు కనిపిస్తుంది. ఆ పొరపాటు నేనూ చేసి, గీసిన బొమ్మలన్నీ మళ్లీ గీశాను. డీఎన్‌ఏ కోసం కొన్నిటిని ఫార్మలిన్‌లో కాక గాఢమైన ఇథనాల్‌లో దాచు.

జంతువుల పేర్లకు సంబంధించిన అంతర్జాతీయ నామకరణ నియమావళి విషయాలు కొద్దిగానే ఉన్నా కచ్చితమైనవి. 1930 తరువాత ప్రకటించే ప్రజాతికి అదే వ్యాసంలో టైప్ జాతిని, అంటే ఆ ప్రజాతి పేరుకు ప్రమాణమైన జాతిని, నిర్ణయించాలి; 1999 తరువాత కొత్త జాతికి హోలోటైప్‌ను గాని సింటైప్‌లను (హోలోటైప్ లేనప్పుడు కలిసి ప్రమాణమయ్యే నమూనాలను) గాని స్పష్టంగా పేర్కొని, అవి ఏ సంగ్రహాలయంలో భద్రపడతాయో చెప్పాలి. ఎలక్ట్రానిక్ పత్రికలో ప్రచురిస్తే జంతువుల పేర్ల అధికారిక జాబితా అయిన జూబ్యాంక్‌లో నమోదు ముందే జరిగి, దాని ఆధారం వ్యాసంలో కనిపించాలి.

పేరు జంతు రాజ్యమంతటిలో ఇంకెవరూ వాడనిదై ఉండాలి. కీటకాల వైపూ, నత్తల వైపూ వెతుకు. దాని వ్యాకరణ లింగాన్ని తేల్చుకుంటేనే జాతి విశేషణం సరిగా కుదురుతుంది. పొడవు తగ్గించు. బైకాల్ సరస్సు యాంఫిపోడ్లకు జంతుశాస్త్రవేత్త డిబోవ్‌స్కీ పెట్టిన గామరకాంతస్కైటోడెర్మోగామరస్ వంటి పేర్లను 1929లో అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం రద్దు చేయవలసి వచ్చింది.

మూడవ యూరోపాడ్ (తోక దగ్గరి ఉపాంగం), టెల్సన్ (శరీరం చివరి పలక) బొమ్మలు నీ కట్టలో లేవు. వాటిని గీసి, దగ్గరి ప్రజాతులతో పోల్చిన పట్టికతో కలిపి పంపు. పేరు సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.