సముద్రపొడ్డున పాత హోటల్: తరంగంబాడి చూశాక నా అభిప్రాయం

“చిన్న ఊళ్లో, సముద్రం పక్కన, ‘వందల ఏళ్ల చరిత్ర’ అని చెప్పే హెరిటేజ్ హోటల్లో రెండు రోజులు ఉందామనుకుంటున్నాం. ఆ చరిత్ర నిజమేనా, రేటు పెంచుకోవడానికి చెప్పే కబుర్లా?” అని మీరు అడిగారు.

ఇల్లు పాతదే. హోటల్ మాత్రం నిన్నగాక మొన్నటిది. నేను చూసిన వాటిలో దాదాపు అన్నీ ఇంతే. ఆ ఇంటికి, ఈ హోటల్‌కి మధ్య వందేళ్లో నూటయాభై ఏళ్లో ఖాళీ ఉంటుంది చూడండి, అసలు కథంతా అక్కడే ఉంటుంది. ఆ భాగం ఎవరూ చెప్పరు.

తమిళనాడులో, కారైకాల్ దాటి కాస్త ఉత్తరానికి వెళితే తరంగంబాడి వస్తుంది. ఇంగ్లీషు వాళ్లు ట్రాంక్విబార్ అన్నారు. అక్కడ ఒడ్డునే ‘బంగ్లో ఆన్ ది బీచ్’ అని ఒక హోటల్ ఉంది. పాత కోటల్నీ బంగళాల్నీ హోటళ్లుగా మార్చే నీమ్రానా సంస్థ వాళ్లు పాత దొరల బంగళాని బాగుచేయించి నడిపారు. రెండంతస్తుల్లోనూ స్తంభాల వరండాలు, మోచెయ్యి పట్టేంత మందం గోడలు, గదులకు ఒకప్పుడు ఆ రేవుకి వచ్చిన డేనిష్ ఓడల పేర్లు. మా అత్తయ్య తలుపు మీది పేరు రెండుసార్లు కూడబలుక్కుని, మూడోసారి “మన ఓడగది” అనేసింది. అక్కడున్నంతసేపూ మాకు అదే పేరు.

బుకింగ్ సంగతి మాత్రం అడక్కండి. నేను వాడిన వెబ్‌సైట్ పేరు చెప్పను కానీ, సముద్రం కనిపించే గది అని డబ్బు కట్టించుకుని, కన్ఫర్మేషన్‌లో తోట వైపు గది అని పంపారు. ఫోన్ చేస్తే హిందీకి ఒకటి నొక్కండి, ఇంగ్లీషుకి రెండు నొక్కండి. దక్షిణాదిలో గది బుక్ చేసుకునేవాడికి దక్షిణాది భాష ఒక్కటీ లేదు. మా ఆవిడ “వరండాలోంచి కనిపిస్తుంది కదా, వదిలెయ్” అంది కాబట్టి సరిపోయింది.

చరిత్ర విషయానికొస్తే, అలాంటి చోట్ల దొరికే కరపత్రాలు కథని తెల్లవాళ్లు ఓడ దిగడంతో మొదలుపెడతాయి. నాకు అక్కడే చిర్రెత్తుతుంది. 1620లో ఓవె గెడ్డె అనే డేనిష్ అడ్మిరల్ వచ్చాడు, నిజమే. కానీ కోట కట్టుకోమని చోటిచ్చిందెవరు? తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు. డెన్మార్క్ రాజుకి ఆయన బంగారు రేకు మీద తమిళంలో రాయించి పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో ఉంది. 1719లో ఇదే ఊళ్లో దిగిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదరీ తర్వాత మద్రాసు చేరి, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. తెలుగువాళ్లం అక్కడికి వెళ్లి స్తంభాల పక్కన ఫొటోలు దిగి వచ్చేస్తున్నాం, ఇందులో ఒక్క ముక్కా తెలియకుండా.

1845లో డెన్మార్క్ ఈ ఊరిని, బెంగాల్లోని శ్రీరాంపూర్‌ని కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మేసింది. ఆ తర్వాత 1860 దాకా తంజావూరు జిల్లా కలెక్టర్ కచేరీ తరంగంబాడిలోనే నడిచింది. కచేరీ తంజావూరుకి మారింది. మరుసటేడు, 1861లో, రైలు నాగపట్నానికి వచ్చింది. సరుకంతా అటు మళ్లింది. ఇక ఈ రేవుతో ఎవరికీ పనిలేకుండా పోయింది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఊరు చితికిపోతేనే పాత ఇల్లు మిగులుతుంది. బాగుపడిన ఊళ్లో మిగలదు.

ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు. సాయంత్రం కోట గుమ్మం దగ్గర్నుంచి నడుచుకుంటూ రాజవీధి చివర టీ కొట్టు దగ్గర ఆగాం. మా మాటలు విని కొట్టు పెద్దాయన గ్లాసు తొలుస్తూనే, “ఎప్పుడు వస్తిరి? ఏ ఊరు మీది?” అన్నాడు. తెలుగులో! ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబం. అత్తయ్య అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది. మీ ఇంటిపేరేమిటి, ఏ గోత్రం, పిల్లలెందరు అంటూ ఆరాలు మొదలుపెట్టింది. టీ చల్లారిపోయింది, ఆయనే ఇంకోటి పోశాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

చిన్నప్పుడు ఈ వీధి ఎలా ఉండేదని అడిగాను. “గోడల్లో రావిచెట్లు మొలిచి ఉండె. తలుపులు, దూలాలు పీక్కొని పోతా ఉండిరి. మేం లోపల దాగుడుమూతలు ఆడుకుంటిమి” అన్నాడు. మయిలాడుతురై నుంచి ఒక రైలు బండి ఉండేదట, దాన్నీ ఆపేశారు. “ఎవరు వస్తారు ఇక్కడికి? పనేముంది?” అన్నాడు. సునామీ మాట నేనే ఎత్తాను, ఎత్తకుండా ఉండాల్సింది. గుడ్డతో బల్ల తుడుస్తూ తుడుస్తూ, జాలర్ల వీధి వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు. అత్తయ్యే తేరుకుని, పక్కనున్న శివాలయం గురించి అడిగి మాట మార్చింది. మాసిలామణినాథర్ గుడి అది, 1306లో కులశేఖర పాండ్యుడి కాలం నాటిది. చాలా భాగాన్ని సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది భీమిలి. మాకూ డచ్చివాళ్లు వచ్చారు, మాకూ రేవు ఉండేది, 1825లో మమ్మల్నీ ఇంగ్లీషు వాళ్లకి అప్పగించారు. 1933లో విశాఖ హార్బర్ తెరిచాక మా రేవుకీ గిరాకీ పడిపోయింది. అంటే తరంగంబాడిలాగే చితికాం. మరి మా పాత ఇళ్లు ఏవీ? విశాఖ పక్కనే ఉండటం మా కొంప ముంచింది. నా చిన్నప్పుడు గానుగసున్నం గోడలు, పెద్ద పెద్ద కిటికీలు ఉన్న ఇళ్ల ముందునుంచి బడికి వెళ్లేవాళ్లం. వాటిలో చాలావాటి స్థానంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, పక్కన లేఅవుట్ బోర్డులు. డచ్చివాళ్ల సమాధులు మాత్రం భద్రంగా ఉన్నాయి, సమాధికి గజం రేటు కట్టలేరు కాబట్టి. ఊరు చితకడం ఒక్కటే చాలదు, పెద్ద సిటీకి దూరంగా కూడా ఉండాలి. బీచ్ రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా చప్పట్లు కొట్టేవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు, వాళ్లతో ఈ మాటంటే పెళ్లిళ్లలో కూడా గొడవలే.

మీ ప్రశ్నకి జవాబు కావాలంటే, బుక్ చేసే ముందు హోటల్ వాళ్లకి ఫోన్ చేసి ఒకటే అడగండి: దొరలు వెళ్లిపోయాక, మీరు రాకముందు, ఈ ఇంట్లో ఎవరున్నారు? దానికి జవాబు చెప్పగలిగితే డబ్బు పెట్టండి. “బ్రిటిష్ కాలం సార్, చాలా ఓల్డ్ సార్” అని ఊరుకుంటే ఆ డబ్బుతో మామూలు లాడ్జిలో నాలుగు రోజులు ఉండొచ్చు. తరంగంబాడే వెళ్లేట్టయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు, వానలూ తుఫాన్లూ అటే వస్తాయి. జనవరి, ఫిబ్రవరి బాగుంటుంది. పొద్దున్నే లేవలేని వాళ్లని మాత్రం వెంట తీసుకెళ్లకండి. తూర్పు ఒడ్డు కదా, తొమ్మిది దాటితే ఎండకి వరండాలో కూర్చోలేరు.