రామ్సే సోదరుల పాత దెయ్యం సినిమాలంటే కొందరికి ఎందుకంత ఇష్టం?

మీ ప్రశ్న ఇది: తక్కువ డబ్బుతో చుట్టేసిన పాత హారర్ సినిమాల్ని, ముఖ్యంగా హిందీలో రామ్సే సోదరులు తీసినవాటిని, ఇప్పటికీ వెతుక్కుని చూసేవాళ్లున్నారు. వాటిలో వాళ్లకి ఏం కనిపిస్తోంది? కేవలం నవ్వుకోవడానికేనా?

అలా వెతుక్కునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నవ్వుకోవడానికి మాత్రం కాదు. నవ్వుకోవడానికైతే ఒక్కసారి చూస్తే చాలు. అదే సినిమాని మళ్లీ మళ్లీ చూడాలనిపిస్తోందంటే అందులో ఇంకేదో ఉండాలి. నా లెక్కలో అది పట్టుదల. స్టార్లు లేరు, సెట్లు లేవు, డబ్బు లేదు, అయినా హాల్లో కూర్చున్నవాణ్ణి భయపెట్టి తీరాలి. ఆ పట్టుదల ఈ సినిమాల్లో దాదాపు ప్రతి షాట్‌లోనూ తెలుస్తుంది. పెద్ద బడ్జెట్ సినిమాల్లో డబ్బు దాన్ని కప్పేస్తుంది.

వాళ్లు ఈ దారిలోకి ఎలా వచ్చారో తెలిస్తే నేను చెప్పేది సులభంగా అర్థమవుతుంది. తండ్రి ఎఫ్.యు. రామ్సే దేశ విభజనకు ముందు కరాచీలో రేడియోల దుకాణం నడిపేవారు. తర్వాత బొంబాయి వచ్చి లామింగ్టన్ రోడ్డులో కొట్టు పెట్టుకున్నారు, సినిమా నిర్మాణంలోకీ దిగారు. ఏడుగురు కొడుకులు. 1970లో ఆయన తీసిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' ఆడలేదు. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్కు వేసుకుని దొంగతనానికి వచ్చే సీను ఒకటుంది. ఆ ఒక్క సీనుకి మాత్రం హాల్లో జనం కేకలు పెడుతున్నారని కొడుకులు తులసి, శ్యామ్ గమనించారు. సినిమా మొత్తాన్ని ఆ సీనులాగే తీస్తే ఎలా ఉంటుందని తండ్రిని ఒప్పించారు.

అలా 1972లో వచ్చింది 'దో గజ్ జమీన్ కే నీచే'. చిన్న బృందం మహాబలేశ్వర్ వెళ్లి ప్రభుత్వ గెస్ట్‌హౌస్‌లో దిగింది. సుమారు 40 రోజుల్లో, మూడున్నర లక్షల లోపు ఖర్చుతో సినిమా పూర్తి చేశామని వాళ్లే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. పనులన్నీ ఇంట్లోనే పంచుకున్నారు. కుమార్ స్క్రిప్టు, గంగూ కెమెరా, కిరణ్ సౌండు, అర్జున్ ఎడిటింగు, తులసి, శ్యామ్ డైరెక్షను. వీళ్లెవరూ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదవలేదు. పుస్తకాలు ముందు పెట్టుకుని, చేతులతో చేసి చూసి నేర్చుకున్నారు.

నేను మొదటిసారి చూసింది 'పురానా మందిర్'. 1984లో విడుదలైన ఈ సినిమా ఆ ఏడాది పెద్ద హిట్లలో ఒకటి. మాది నిజామాబాద్ దగ్గర ఊరు. ఆ రోజుల్లో వీధిలో నలుగురు కలిసి డబ్బులేసుకుని, కలర్ టీవీ, వీసీపీ (వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టె) ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవాళ్లు. రాత్రంతా మూడు క్యాసెట్లు ఆడేవి. మొదటిది ఎన్టీఆర్‌దో కృష్ణదో ఉండేది, ముసలివాళ్లు, చిన్నపిల్లలు అది చూసి పడుకునేవాళ్లు. అర్ధరాత్రి దాటాక దెయ్యం సినిమా పెట్టేవాళ్లు. నేను నిద్ర నటించి ఉండిపోయాను. నాకు హిందీ అంతంతమాత్రం. కానీ కథ అర్థం కాకపోవడమనే ఇబ్బంది రాలేదు. రాజు సామ్రీ అనే రాక్షసుడి తల నరికించి, తలని హవేలీలో ఒక పెట్టెలో, మొండేన్ని పాత గుడి దగ్గర పెట్టిస్తాడు. చచ్చేముందు వాడు శాపం పెడతాడు: ఈ వంశంలో ఆడవాళ్లు కాన్పులో చచ్చిపోతారు, నా తలా మొండెం కలిసిన రోజు నేను లేస్తాను. అంతే. ఇక మిగతా సినిమా అంతా ఆ పెట్టె ఎప్పుడు తెరుచుకుంటుందా అనే టెన్షన్. మా అమ్మమ్మ చెప్పే కథల్లోలాగే ఒక ఒట్టు, ఒక నిషేధం, దాన్ని దాటే ఒక మూర్ఖుడు.

సామ్రీగా వేసిన అజయ్ అగర్వాల్ (అనిరుధ్ అగర్వాల్ అన్నా ఆయనే) రూర్కీలో చదివిన ఇంజినీరు. ఆ ఎత్తు, ఆ ముఖం, ఆ నడక. ఇప్పుడు చూసినా ఆయన వచ్చే షాట్లలో మేకప్ లోపాలు నాకు కనిపిస్తాయి గానీ అడ్డురావు.

గంగూ రామ్సే కెమెరా పని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరని నా బాధ. లైట్ల ముందు నీలం, ఎరుపు, ఆకుపచ్చ జెలటిన్ కాగితాలు పెట్టి, నేలమీద పొగ వదిలి, మామూలు పాత బంగళాని ఆయన వేరే లోకం చేసేస్తాడు. ఆ ఆకుపచ్చ వెలుగు ఎక్కడినుంచి వస్తోందని అడిగితే జవాబు లేదు. అడగాలని తోచదు కూడా. రాత్రి, గాలి, తలుపు కిర్రుమన్న చప్పుడు, మెట్లమీద దీపం పట్టుకున్న మనిషి. వీటికి పెద్ద ఖర్చేం కాదు, ఓపిక కావాలి. 'వీరానా' (1988), 'బంద్ దర్వాజా' (1990) వచ్చేసరికి ఈ పని మీద వాళ్లకి పూర్తి పట్టు దొరికింది.

ఒక విషయం దాచకూడదు. ఇవి ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలే. భయం, రక్తం, ఆడవాళ్ల ఒళ్లు పోస్టరు మీద పెట్టి టికెట్లు అమ్మినవే. స్నానం సీను లేకుండా ఒక్కటీ ఉండదేమో అనిపిస్తుంది. 'వీరానా'లో మగవాళ్లని వలలో వేసి చంపే ఆడదెయ్యం ఉంటుంది, కెమెరాకి ఆమె పుట్టించే భయం కన్నా ఆమె ఒంటిమీదే ధ్యాస. మంత్రగత్తెలన్న నెపంతో ఆడవాళ్లని నిజంగానే కొట్టి చంపిన మన దేశంలో ఇలాంటి బొమ్మలు కట్టడం తేలికైన సంగతేం కాదు. నాకు ఇష్టమైన సినిమా కదా అని దీన్ని నేను వెనకేసుకురాను. ఇక కథకి సంబంధం లేని కామెడీ ట్రాకుల్ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేసినా ఏమీ పోదు.

ఇష్టం పుట్టడానికి సినిమా ఒక్కటే సరిపోదు, అది చేతికి అందాలి కూడా. అమెరికాలో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968) సంగతి చూడండి. పిట్స్‌బర్గ్ కుర్రాళ్లు లక్షా పద్నాలుగు వేల డాలర్లతో, రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడి తీశారు. విడుదలకి ముందు పేరు మార్చినప్పుడు కాపీరైట్ నోటీసు ఎగిరిపోయింది. దాంతో సినిమా మీద హక్కులు పోయాయి, ఏ టీవీ అయినా, ఏ క్యాసెట్ కంపెనీ అయినా ఉచితంగా వేసుకోవచ్చు. తీసినవాళ్లకి అది నష్టం, అందులో సందేహం లేదు. కానీ ఆ సినిమా ప్రతి ఇంటికీ చేరింది అలాగే. రామ్సేలకి ఆ పని చిన్న ఊళ్ల టాకీసులు, వీడియో క్యాసెట్లు, 1993లో మొదలైన 'జీ హారర్ షో' చేసిపెట్టాయి. రైలు కూడా ఆగని ఊళ్లలోనే మా వ్యాపారం అని వాళ్లు అనేవారు. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో ఆ షో టైటిల్ మ్యూజిక్ వినగానే దుప్పటి ముసుగేసుకున్న తెలుగు పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. రామ్సేల పేరెత్తితే మాటలు కలిపేది వాళ్లే.

మన వైపు ఈ ఇష్టానికి దగ్గరగా వచ్చేది విఠలాచార్య మీద ఉన్న ప్రేమ. 'జగన్మోహిని' (1978)లో దెయ్యం తన కాళ్లనే కట్టెల్లా పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ సీను చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. అదీ తక్కువ ఖర్చులో తీసిందే, కెమెరాతో చేసిన కనికట్టే. తేడా ఏమిటంటే ఆయన సినిమాలకి ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని వెళ్లేవాళ్లు, రామ్సేలవి 'ఎ' సర్టిఫికెట్ సినిమాలు.

కొన్నేళ్ల క్రితం మా ఆఫీసు కుర్రాళ్లకి మా ఇంట్లో 'పురానా మందిర్' వేసి చూపించాను. మొదటి అరగంట జోకులే జోకులు, బట్టల మీద, జుట్టు మీద. పెట్టె మీది త్రిశూలం తీసే సీను దగ్గరికి వచ్చేసరికి ఒకడు "తియ్యొద్దురా" అని టీవీతో అన్నాడు. నలభయ్యేళ్ల నాటి సినిమా ఆ మాట అనిపించిందంటే దాన్ని నాసిరకం అనడానికి నాకు మనసొప్పదు.

మీరు చూడాలనుకుంటే 'పురానా మందిర్'తో మొదలుపెట్టండి, తర్వాత 'బంద్ దర్వాజా'. ఫోన్లో వద్దు, ఆ నీలం చీకటి చిన్న తెర మీద ఏమీ కనిపించదు. వీలైతే ఇద్దరు ముగ్గురితో కలిసి చూడండి. పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టకండి.