ఎన్ని అప్లికేషన్లు పెట్టినా పిలుపు రాకపోతే ఏం చేయాలి?

సంఖ్య పెంచడం కన్నా పద్ధతి మార్చడం మేలు. పెద్ద సంస్థల్లో రెజ్యూమెలను చాలాసార్లు ముందు సాఫ్ట్‌వేరే వడపోస్తుంది. అందుకే ప్రకటనలో అడిగిన నైపుణ్యాల్లో మీకు నిజంగా ఉన్నవాటిని అవే మాటల్లో రాయండి.

నా దృష్టిలో అసలు బలం పరిచయాలది. ఉద్యోగ సమాచారం దగ్గరి స్నేహితుల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చూపించారు. దగ్గరివాళ్లకు తెలిసింది చాలావరకు మీకూ తెలిసే ఉంటుంది కదా! కాబట్టి పాత సహోద్యోగులకు, సీనియర్లకు మెసేజ్ పెట్టండి. "ఉద్యోగం ఇప్పించండి" అంటే ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారు. "మీ టీమ్‌లో పని ఎలా ఉంటుంది? ఎవరితో మాట్లాడితే బాగుంటుంది?" అని అడగండి. జవాబు రాకపోతే వారం ఆగి, మర్యాదగా ఇంకోసారి గుర్తుచేయండి.