మడుగు మిగిలితే చేప మిగులుతుంది
చెరువులు, చేపలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పోరుమామిళ్ల పక్క పల్లె. ఊరి చెరువు చిన్నది, నిండితే నలభై ఎకరాలుంటుంది. నాలుగేండ్లు అడుగు కూడా తడవలేదు. పోయినేడు వానలకు నిండి మరవ (అలుగు) పారింది, ఈ ఏడూ నీళ్లున్నాయి. సాయంత్రం పూట గాలం వేస్తే అరచేతిలో పట్టేంత జిలేబి (తిలాపియా) చేపలు తప్ప ఇంకేమీ పడటం లేదు. నా చిన్నప్పుడు ఇందులోనే రెండు మూడు కేజీల బొచ్చెలు, మోచేయంత కొర్రమీన్లు పడేవి. అవి ఉన్నట్టా, లేనట్టా? ఉంటే గాలానికి ఎందుకు రావు?
– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, కడప జిల్లా

జవాబు: మాస్టారూ, బొచ్చె సంగతి మొదట చెప్తాను. పోయినేడు మీ చెరువులో ఎవరైనా పిల్లలు వదిలారా? ఆ మాట మీ ఉత్తరంలో లేదు. వదలకపోతే బొచ్చె లేనట్టే అనుకోండి. బొచ్చె, రోహు, ఎర్రమోసు మూడూ ఏటి చేపలు. వానాకాలంలో వరద నీరు పారుతుంటేనే గుడ్లు పెడతాయి. నిలవ నీటి చెరువులో ఆడచేప కడుపునిండా గుడ్లతో తిరుగుతుందే గాని గుడ్డు విడవదు, కొన్నాళ్లకు అవి లోపలే కరిగిపోతాయి. 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఏటా ఆ రోజున మత్స్య రైతుల దినోత్సవం జరిపేది అందుకే. అంతకుముందు చేప పిల్ల కావాలంటే నదిలో వల వేసి ఏరుకురావాల్సిందే. మీ చిన్ననాటి బొచ్చెలను కూడా ఎవరో తెచ్చి వదిలి ఉంటారు, లేదా పై నుంచి వచ్చే వాగు మోసుకొచ్చి ఉంటుంది. నాలుగేండ్లు నెర్రెలు విచ్చిన చెరువులో పాత చేప ఒక్కటి కూడా మిగలదు. కాబట్టి ఉండి గాలానికి రావడం లేదా అని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

మరి జిలేబి ఎక్కణ్ణించి వచ్చింది? పై చెరువు మరవ పారినప్పుడు నాలుగు పిల్లలు కొట్టుకొస్తే చాలు. ఇది మన నేల చేప కాదు, ఆఫ్రికాది. 1952లో మన దేశానికి తెచ్చారు. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెడుతుంది, ఏడాదిలో చాలాసార్లు పెడుతుంది. పైగా తల్లి ఆ గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు ఈదడం మొదలుపెట్టాక కూడా బెదిరితే మళ్లీ నోట్లోకి తీసుకుంటుంది. దానితో పిల్లలు చావడం తక్కువ. చెరువులో మేత అంతే ఉంటుంది, తినే నోళ్లు ఏ నెలకా నెల పెరుగుతాయి. ఏ ఒక్కదానికీ కడుపు నిండదు, ఏదీ పెద్దది కాదు. తినే కాస్త మేతా ఒంటికి పట్టకుండా గుడ్లకే పోతుంది.

మీ చెరువు ఈ స్థితికి వచ్చిందో లేదో మీరే తేల్చుకోవచ్చు. ఈసారి పడిన జిలేబిని వెంటనే సంచిలో వేయకుండా అరచేతిలో పెట్టుకుని చూడండి. తల పెద్దదిగా, వెనక ఒళ్లు సన్నగా ఉందా? మూడు వేళ్ల వెడల్పు కూడా లేని చేప నోట్లో పసుపు పచ్చని గుడ్లున్నాయా? అంతే చిన్న మగది ఒళ్లంతా నల్లబడి, గొంతు కింద తెల్లగా, రెక్కల అంచున ఎర్రగా ఉందా? ఈ గుర్తులు ఎక్కువ చేపల్లో కనిపిస్తే గిడసబారిన మంద అని అర్థం. నీళ్లు వెనక్కి తగ్గేటప్పుడు ఒడ్డు బురదలో పళ్లెమంత గుండ్రటి గుంతలు పక్కపక్కనే బయటపడతాయి. అవి మగచేపలు నోటితో తవ్వుకున్న గూళ్లు. అవి ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూస్తే మంద ఎంత ఇరుకైందో తెలిసిపోతుంది.

లెక్కే కావాలంటే దానికీ దారి ఉంది. మీరు ఉపాధ్యాయులు కాబట్టి బడి పిల్లలను కట్ట మీద కూర్చోబెట్టి లెక్క కట్టించవచ్చు. నీటిలోకి దిగే పని మాత్రం పెద్దవాళ్లు, వల వేయడం తెలిసినవాళ్లు చేయాలి. వేసవిలో నీళ్లు తూము ముందరి మడుగుకు చేరినప్పుడు విసురు వలతో నాలుగైదు చోట్ల నూరు చేపలు పట్టండి. కడుపు కింది రెక్క కొనను చిన్న కత్తెరతో రవ్వంత కత్తిరించి వదిలేయండి. అవి మందలో కలిసిపోవడానికి నాలుగైదు రోజులు ఇచ్చి మళ్లీ వల వేయండి. ఈసారి తొంభై పడ్డాయి, వాటిలో కత్తిరించినవి ఆరు అనుకుందాం. నూరును తొంభైతో గుణించి ఆరుతో భాగిస్తే 1500. మడుగులో ఆ వలకు చిక్కే సైజు చేపలు సుమారు అన్ని ఉన్నట్టు. ఈ మధ్యలో కొత్త నీరు రాకూడదు, ఎవరూ చేపలు పట్టుకుపోకూడదు, మొదట పట్టిన చోటే రెండోసారీ వల వేయకూడదు. నిండు చెరువులో చేస్తే గుర్తు పెట్టినవి ఒకటో రెండో పడతాయి, ఆ లెక్కను నమ్మలేం.

కొర్రమీను విషయంలో ఆశ ఉంది. అది నిలవ నీటిలోనే, గడ్డి మొలిచిన అంచుల్లో గుడ్లు పెడుతుంది. నీటిలోని గాలి మీదే ఆధారపడదు, పైకొచ్చి నోటితో గాలి పీల్చుకుంటుంది, తడి బురదలో దూరి కొన్నాళ్లు ప్రాణం నిలుపుకుంటుంది. పక్క కుంటలోనో పాడుబడ్డ బావిలోనో నాలుగు మిగిలి ఉంటే మరవ నీళ్లలో వచ్చి చేరి ఉంటాయి. వానలు పడ్డాక పొద్దున ఎండెక్కే వేళ కట్ట మీద నిలబడి తుంగ అంచులను చూడండి. చేటంత మేర నారింజ రంగు పిల్లలు గుంపుగా కదులుతుంటాయి. అన్నీ ఒకేసారి పైకి తేలి గాలి మింగి మునుగుతుంటే అక్కడి నీరు ఉడుకుతున్నట్టు ఉంటుంది. కింద ఒక జానెడు లోతులో తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ సమయంలో పిల్లల గుంపు మీదికి గాలం విసిరితే తల్లి కోపంతో వచ్చి అందుకుంటుంది, పట్టడం చాలా సులువు. దయచేసి పట్టవద్దు. ఆ ఒక్కటి పోతే ఆ గుంపునంతా పరకలు, జెల్లలు, జిలేబిలు పొద్దుగూకే లోపల ఊడ్చేస్తాయి. మూడు నెలలు ఆగితే మీ జిలేబి పిల్లల్ని తిని చెరువును సరిచేసేది ఆ కొర్రమీనే.

అసలు సమస్య వేసవి. మన సీమలో ఎండాకాలం తెరిచి ఉన్న నీరు రోజుకు సుమారు 8 మిల్లీమీటర్లు ఆవిరవుతుంది. అంటే నెలకు జానెడు. మార్చి నుంచి మే ఆఖరు దాకా మూడు జానలు గాలికే పోతాయి. మోకాలి లోతు మిగిలిన చెరువు ఎవరూ తూము ఎత్తకపోయినా ఎండిపోతుంది, నిలువు లోతు మడుగు మాత్రం మిగులుతుంది. మీ పక్కనే ఉన్న పోరుమామిళ్ల పెద్ద చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు అందులో ఏకరువు పెట్టాడు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చౌడు నేల ఒకటి, చెరువు మధ్యలో మిట్ట ఉండటం ఇంకొకటి. పూడిక చేరిన ఈనాటి మన చెరువులన్నీ మధ్యలో మిట్ట వేసినవే. ఆ దోషంతో పైరుకు నీళ్లు తగ్గుతాయి, చేపకు ఇల్లే పోతుంది.

అందుకని పూడిక తీయించేటప్పుడు పంచాయతీలో ఒక్క మాట గట్టిగా అడగండి. చెరువంతా మూరెడు మూరెడు గీరకుండా, తూముకు ముందు ఒక అరెకరం మేర తూము మట్టం కంటే రెండు మీటర్లు లోతుగా తీయమనండి. కట్ట పాదానికి ఆనించి తవ్వకూడదు, కట్ట బలం పోతుంది, ఇంజినీరు చెప్పినంత దూరం వదలాలి. ఆ మడుగులో రెండు కంప మండలు పడేస్తే వల వేసి ఊడ్చడం కుదరదు, ఆ ఏటికి విత్తనం నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ మడుగులో ఎవరూ చేప పట్టకుండా ఊరు మాట అనుకోవాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎన్ని గట్ల మీద ఈ మాట చెప్పానో. విన్న ఊళ్లలో వానకు ముందే కొర్రమీను కనిపించేది.

ఈ ఏడు గాలం సంగతి. చిన్న గాలానికి ఎర్ర (వానపాము) గుచ్చి, బెండును మూరెడు లోతుకు పెట్టి, పడిన జిలేబినల్లా ఇంటికి తీసుకుపోండి, ఒక్కటీ తిరిగి వదలొద్దు. మత్స్యకారుల సంఘంతో మాట్లాడి చెరువు నిండే నెలల్లో బొచ్చె, రోహు పిల్లలు వదిలించండి. వేలంత పిల్లలు వదిలితే జిలేబీలతో పోటీపడి బతకవు, నాలుగంగుళాలు దాటినవే అడగండి. మేత ఉన్న నీటిలో బొచ్చె ఏడాదికి కేజీ దాకా వస్తుంది. అప్పుడు ఎర్ర పనికిరాదు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పైపొరల్లో తేలే సన్న పురుగును వడకట్టుకుని తింటుంది. వేయించిన చెనిక్కాయ చెక్క పొడి, తవుడు, కాస్త మైదా కలిపి ముద్ద కట్టి, నీటిలో పొగలా విడిపోయేట్టు మెత్తగా పెట్టండి. గాలం అడుక్కు తగలకూడదు. గాలి ఏ గట్టుకు కొడుతుందో ఆ గట్టున కూర్చోండి, తేలే మేత అటే చేరుతుంది. రోహుకు అదే ముద్ద ఇంకొంచెం లోతున. కొత్త నీరు ఎర్రగా ఉన్నన్నాళ్లు ఏ చేపా సరిగా తినదు, మన్ను దిగి నీరు పచ్చబారే దాకా ఆగండి. చేప హక్కు సంఘానిదో, వేలం పాడినవాళ్లదో అయితే గాలం వేసే ముందు వాళ్లను అడగడం మర్యాద.

ప్రశ్న: శింగనమల దగ్గర మా కుంటలో మే నెలలో ఒకనాడు తెల్లవారేసరికి పెద్ద చేపలన్నీ వెల్లకిలా తేలాయి. గిట్టనివాళ్లు మందు కలిపారని ఊరంతా అంటున్నారు, రెండు ఇళ్ల మధ్య మాటలు కూడా పోయాయి. నిజమేనా సార్?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, ముందు ఆ రెండు ఇళ్లవాళ్లకు ఇది చదివి వినిపించు. ముందు రోజు మబ్బు పట్టి గాలి ఆడకుండా ఉండిందా? నీరు చిక్కటి పచ్చగా ఉందా? రెండూ అవునంటే గాలి అందక చచ్చిన చేపలవి. నీటిని పచ్చగా చేసే నాచు పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు చేపలతో పాటు దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. అప్పుడు మొదట పోయేవి పెద్ద చేపలు. గాలి పీల్చే కొర్రమీను, మార్పు చేప బతికే ఉంటాయి, కప్పలు గట్టున అరుస్తూనే ఉంటాయి. మందు కలిపిన నీటిలో చిన్నాపెద్దా తేడా ఉండదు, కప్పలూ నీటి పురుగులూ కూడా చస్తాయి, అది తెల్లవారుజామునే జరగాలని లేదు. నువ్వు రాసిన దాంట్లో పెద్ద చేపలే అన్నావు, తెల్లవారేసరికి అన్నావు. నాకైతే మందు అనిపించడం లేదు. అయినా అనుమానం ఉన్నంతకాలం ఆ చేపను ఎవరూ వండుకోవద్దు, పశువులను ఆ నీటికి తోలొద్దు.

చేయి మోచేతి దాకా నీటిలో ముంచి చూడు. అరచెయ్యి కనబడకుండా పోతే ఫర్వాలేదు. మణికట్టు మునగకముందే వేళ్లు మాయమైతే నీరు మరీ చిక్కనైంది. అప్పుడు పేడ, కోళ్ల ఎరువు వేయడం ఆపాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మోటారు పెట్టి కుంట నీళ్లనే పైకి చిమ్మి మళ్లీ కుంటలో పడేట్టు చెయ్యి. ఎండ వచ్చేదాకా నడిపితే చాలు.

ప్రశ్న: మా కుంటలో త్వరగా పెరుగుతుందని ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు తెచ్చి వేద్దామంటున్నారు కుర్రాళ్లు. గాలానికి బాగా లాగుతుందట. వేయవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వేయకూడదు. దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. దొరికిన చేపనల్లా తింటుంది, వానకు కుంట పొర్లితే పెన్నలోకి చేరుతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ ఏరలేరు. గాలానికి గట్టిగా లాగే చేప కావాలంటే మన కొర్రమీను, వాలుగ ఉన్నాయి. వాలుగను మాత్రం చిన్న పిల్లలు వదిలిన కుంటలో వేయకండి.

ప్రశ్న: మా నాన్నతో కలిసి గాలానికి వెళ్తాను. చిన్న చేప పడితే జాలేసి వదిలేస్తాను. అది బతుకుతుందా?
– ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: నువ్వు పట్టుకునే తీరును బట్టి ఉంటుంది తల్లీ. పొడి చేతులతో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, అక్కడ బూజు పట్టి కొన్నాళ్లకు చావొచ్చు. చేతులు ముందు నీటిలో తడుపుకో. చేపను ఎండకు కాలిన బండ మీదో ఇసుకలోనో పెట్టొద్దు, మొప్పల్లో వేలు దూర్చొద్దు. గాలం పెదవికి తగిలితే నీటిలోనే ఉంచి తీసేయి. మింగేస్తే లాగొద్దు, నోటి దగ్గర దారం తెంపి వదులు, లాగితే పేగు చిరుగుతుంది. గాలం మొన పక్కనుండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేయమని నాన్నతో చెప్పు. దారం బిగువుగా ఉంచితే చేప జారదు, తీసేటప్పుడు సులువుగా వస్తుంది. వదిలేటప్పుడు విసరకుండా నీటిలో రెండు చేతుల మధ్య వీపు పైకి ఉండేట్టు పట్టుకో, అదే తోక ఆడించి పోయేదాకా అలాగే ఉంచు.