ఐదు బర్నర్ల రేంజి కోసం గొలుసు తాకట్టు పెట్టొద్దమ్మా

అల్లూరు వైపు నుంచి ఒకామె రాసింది. ఉత్తరం పెద్దది, విషయం మాత్రం ఇదీ. ఇంట్లో ఆరుగురు, అత్తామామా, వీళ్ళిద్దరూ, ఇద్దరు పిల్లలు. ఈమె ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 18 వేలు. ఆయన మూడెకరాల రొయ్యల గుంటలు లీజుకి చేస్తా ఉన్నాడు, ఖర్చులు పోను సగటున నెలకి 40 వేలు పడతాయంట. కొత్తిల్లు కట్టారు, లోను ఈఎంఐ 14,500. కావలిలో షోరూముకి పోయి 90 సెంటీమీటర్ల కుకింగ్ రేంజి చూసొచ్చారు, ఐదు బర్నర్లు, కింద ఓవెను, 92 వేలు, దానిపైకి చిమ్నీ ఇంకో 28 వేలు, మొత్తం లక్షా ఇరవై. బ్యాంకులో ఉన్న 40 వేలు తీసి, మిగతా 80 వేలకి రెండు సవర్ల గొలుసు బజార్లో తాకట్టు పెడదామని ప్లాను, నూటికి రెండు రూపాయల వడ్డీ. "60 సైజు తీసుకోవాలా 90 తీసుకోవాలా సార్, కుటుంబం పెద్దది గదా" అని ప్రశ్న.

అమ్మా, రేంజి సైజు గురించి నాలుగు పేరాలు రాశారు. ఆ 40 వేలు తీసేశాక బ్యాంకులో ఎంత మిగుల్తుందో ఒక్క లైను కూడా రాయలేదు. ఏమీ మిగలదు. అందుకే మీ ఉత్తరం పట్టుకున్నా. ఒకరు ఫ్రిజ్జంటారు, ఒకరు ఏసీ అంటారు, ఇంకొకరు మాడ్యులర్ కిచెనంటారు, వస్తువు మారతా ఉంది గానీ చేసే తప్పు ఒకటే, చేతిలో ఉన్న ఆఖరి రూపాయి తీసి, చాలకపోతే బంగారం పెట్టి, సామాను తెచ్చుకుంటా ఉన్నారు.

ముందు సైజు సంగతి చూద్దాం, అడిగింది అదే గాబట్టి. బర్నర్లు ఎన్ని అని లెక్కేయబాకండి, మీ గిన్నెలు కొలవండి. అయిదు లీటర్ల కుక్కరు అడ్డంగా సుమారు 24 సెంటీమీటర్లు ఉంటుంది, దోసె పెనం 30, చేపల పులుసు దబర కూడా ఆరుగురికంటే 30 దగ్గరికే వస్తుంది. కుక్కరూ పెనమూ పక్కపక్కన పెట్టాలంటే కుక్కర్లో సగం 12, పెనంలో సగం 15, మధ్యలో వేలు దూరేంత సందు, అంటే రెండు బర్నర్ల నడిబొడ్డుల మధ్య 30 సెంటీమీటర్లన్నా ఉండాలి. 60 సెంటీమీటర్ల వెడల్పులో నాలుగు బర్నర్లు ఇరికించిన వాటిల్లో చాలావరకు ఆ దూరం రాదు, పెద్ద గిన్నెలు రెండు పెడితే మిగతా రెండు బర్నర్లు ఊరికే ఉంటాయి. కాబట్టి 60లో నాలుగు బర్నర్లది మీకు చాలదు, మీ అనుమానం కరెక్టే. అయితే దానికి జవాబు 90 రేంజి కాదు, 75 సెంటీమీటర్ల చుట్టుపక్కల వెడల్పుండి మూడు బర్నర్లు ఎడంఎడంగా ఉండే స్టవ్వు. పొద్దున్నే కుక్కర్లో పప్పు, పక్కన కూర, ఇంకోదానిమీద దోసెలు, అన్నం ఎటూ కరెంటు కుక్కర్లో అవతా ఉందని మీరే రాశారు, పాలు ఆరింటికే కాగిపోతాయి. ఐదో బర్నరు మీద ఏం పెడతారో ఒకసారి ఆలోచించండి. సంక్రాంతికి అరిసెలు, పెద్దపండక్కి పాతికమందికి వంట, అవన్నీ ఎటూ పెరట్లో పెద్ద పొయ్యి మీదే చేస్తాం, ఏ రేంజి మీదా చెయ్యం.

మీ గట్టు కొలత కూడా రాశారు గాబట్టి చెప్తున్నా. ఏడడుగుల గట్టులో సింకు రెండడుగులు తింటుంది, 90 సెంటీమీటర్లంటే మూడడుగులు, మిగిలేది రెండడుగులు, అందులో గోడ పక్కన అర అడుగన్నా వదలాలి, ఇంక మిక్సీ ఎక్కడ, కూరగాయలు కోసుకునేది ఎక్కడ? పైగా నేలమీద నిలబెట్టే రేంజి అంటే గట్టుమీద పెట్టేది కాదు, మూడడుగుల మేర గట్టు పగలగొట్టి ఆ సందులో దించాలి. కొత్తగా చీమకుర్తి నుంచి బ్లాక్ గెలాక్సీ రాయి తెప్పించి వేయించుకున్నారంట, దాన్ని మళ్ళీ మిషను పెట్టి కోయించాలి, కోసిన రాయి మళ్ళీ అతకదు, రేపు ఆ రేంజి చెడిపోతే అదే సైజుది కొనాల్సిందే. ఓవెను కరెంటుదైతే 16 ఆంప్స్ ప్లగ్గు, దానికి వేరే లైను లాగాలి, ఎలక్ట్రీషియను ఖర్చు మీ లక్షా ఇరవైలో లేదు. చిమ్నీ ఎప్పుడూ స్టవ్వు వెడల్పుకి తక్కువ ఉండకూడదు, అందుకే స్టవ్వు పెద్దదైతే చిమ్నీ బిల్లు కూడా పెరుగుతుంది. పిల్లలకి కేకు చేసిపెట్టాలనే ఆశ మంచిదే, దానికి 25, 30 లీటర్ల చిన్న ఓవెను సరిపోతుంది, ఆరు నెలలాగి కొనుక్కోండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా.

మీ ఇంటి ఖర్చు మీరు రాసిన అంకెల్తోనే లెక్కేశాను. ఈఎంఐ 14,500, సరుకులు పాలు గ్యాసు 14 వేలు, పిల్లల ఫీజులు 6 వేలు, అత్తగారి మందులు 2,500, కరెంటు పెట్రోలు 5 వేలు, మొత్తం 42 వేలు. అంటే బ్యాంకులో ఉన్న 40 వేలు ఒక్క నెలకి కూడా చాలవు! గవర్నమెంటు జీతం వచ్చే ఇల్లైతే మూడు నెలల ఖర్చు పక్కన పెట్టమంటా, రొయ్యల మీద బతికే ఇంటికి ఆరు నెలలు ఉండాల్సిందే, అంటే 2 లక్షల 52 వేలు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, గుంటలో రొయ్య పిల్ల వేశాక పట్టుబడి దాకా, అంటే పట్టి అమ్మేదాకా, నాలుగు నెలలు డబ్బు పొయ్యేదే గానీ వచ్చేది లేదు, మధ్యలో వైట్ స్పాట్ తెగులు వచ్చిందంటే ఆ పంట మొత్తం పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు 50 శాతం సుంకం వేసినప్పుడు రేట్లు ఎట్లా పడ్డాయో మీ ఆయన్ని అడగండి. మీరు చెప్పే నెలకి 40 వేలు అనేది సగటు మాత్రమే, ఏ నెలా అంత కచ్చితంగా చేతికి రాదు.

2021 నవంబర్లో పెన్నకి వరదొచ్చి కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినాయి గదా, ఆ తర్వాత రెండు నెలలకి నా దగ్గరికి ఒక కుటుంబం వచ్చింది. దసరాకే బంగారం పెట్టి వంటగది మొత్తం చేయించుకున్నారు. ఇంట్లోకి నీళ్ళొచ్చి చెక్క పనంతా ఉబ్బిపోయింది, పని లేక రెండు నెలలు ఆదాయం లేదు, పెట్టడానికి ఇంకో గొలుసు లేదు, అప్పు అట్లనే ఉంది. ఆమె నా ముందు కూర్చుని ఏడ్చింది, ఆ రోజు నేను చెప్పగలిగింది కూడా ఏమీ లేదు. లక్షన్నర పక్కనుంటే వాళ్ళకి ఆ రెండు నెలలు గడిచిపోయేవి.

బంగారం మన ఇళ్ళల్లో ఆఖరి దిక్కమ్మా. గుంట పోయినప్పుడు, మామగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు తియ్యాల్సింది అది. స్టవ్వు కోసం తియ్యకూడదు. రెండు రూపాయల వడ్డీ అంటే "నెలకి 1,600 ఏ గదా" అని రాశారు, ఏడాదికి 19,200 అవుతుంది, అసలు 80 వేలు అసలుగానే ఉంటుంది, పంట బాగా రాకపోతే రెండో ఏడాది కూడా అదే కడతారు. ఒక్క ఏడాది వడ్డీతోనే నేను చెప్పిన మూడు బర్నర్ల స్టవ్వూ, చిన్న ఓవెనూ రెండూ వచ్చేస్తాయి. బ్యాంకులో పెడితే వడ్డీ తగ్గుద్దేమో గానీ గొలుసు పోవడం పోవడమే. షోరూమువాళ్ళు చెప్పే వడ్డీలేని ఈఎంఐ కూడా వద్దు, 2013 సెప్టెంబర్లోనే రిజర్వ్ బ్యాంకు జీరో వడ్డీ అనేదే ఉండదని బ్యాంకులకి చెప్పింది, క్యాషు కొంటే ఇచ్చే తగ్గింపు మీకు ఇవ్వరు, అంతే. ఇంక మీ మరిది చెప్పిన ఫోను యాప్ లోను జోలికి దయచేసి పోబాకండి, దాని గురించి ఇంకో మాట కూడా రాయను.

చేయాల్సింది ఏమంటే, ఆ 40 వేలు ముట్టుకోబాకండి, వేరే బ్యాంకులో వేసి ఏటీఎం కార్డు బీరువాలో పెట్టండి. నెలకి 58 వేలొస్తే 42 పోను 16 మిగలాలి, మీరు కట్టే చీటీ 5 వేలు పోగా 11. వచ్చే నెల మిగిలిన దాంట్లోంచి స్టవ్వు కొనుక్కోండి, 10 వేల లోపు దొరుకుతుంది, పోయేటప్పుడు టేపు తీసుకెళ్ళి బర్నర్ల దూరం మీరే కొలవండి, సేల్సు అబ్బాయి మాట మీద పోబాకండి. ఆ తర్వాత నుంచి నెలకి 11 వేలు ఆ వేరే ఖాతాలోకి, దాదాపు 20 నెలల్లో ఆ 2 లక్షల 52 వేలు నిండుద్ది. చీటీ ఎత్తితే అదీ అందులోకే, అప్పుడు ఇంకా తొందరగా అవుతుంది. పట్టుబడి డబ్బులు వచ్చిన రోజే ముందు ఇందులో వేసి తర్వాతే మిగతా ఖర్చులు. సిప్‌లూ అవీ, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టేవి, ఇది నిండాకే మాట్లాడుకుందాం. ఆయన పేరుమీద టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే మాత్రం అది ఈ నెలే తీసుకోండి. చిమ్నీ ప్రస్తుతానికి వద్దు, మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు. మేత షాపులో ఖాతా ఎంత ఉంది? గుంటలు చేసే ఇంట్లో అది లేకుండా ఉండదు. మీ ఆయన్ని పక్కన కూర్చోపెట్టుకుని ఆ బాకీ ఎంతో, దానికి వడ్డీ ఎంత పడతా ఉందో కనుక్కుని నాకు రాయండి. అది లక్ష దాటి ఉంటే పైన చెప్పిన లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి, స్టవ్వు కొనడం కూడా ఇంకో రెండు నెలలు ఆగాలి.