ల్యాబ్‌లో తక్కువకే వచ్చే ప్రింటుకు ఫోటోగ్రాఫర్ ఎక్కువెందుకు అడుగుతారు?

ల్యాబ్ బిల్లు కాగితానికీ యంత్రానికీ. ఫోటోగ్రాఫర్ అడిగేది, ఫైలును ఆ కాగితానికి సిద్ధం చేసినందుకు. నా దృష్టిలో అది న్యాయమైన ధరే.

పెళ్లి ఫోటోనే తీసుకోండి. 12×18 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చొప్పున, 3600×5400 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన కాపీకి పొడవు వైపు సుమారు 1600 ఉంటాయి. అంటే అంగుళానికి 90 కూడా రావు, కళ్లూ జరీ అలుక్కుపోతాయి.

అసలు శ్రమంతా రంగుల దగ్గరే. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. అందుకే ఫోన్‌లో బాగున్నది ప్రింటులో చీకటిగా వస్తుంది. మానిటర్ కాలిబ్రేట్ చేసి (రంగులు సరిగ్గా చూపేలా సరిచేసి), ఆ కాగితం ఐసీసీ ప్రొఫైల్‌తో (ఆ కాగితంపై రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలుతో) సాఫ్ట్ ప్రూఫ్ చూడాలి, అంటే ప్రింటు ఎలా వస్తుందో ముందే స్క్రీన్‌పై చూసుకోవాలి. ఎర్ర పట్టుచీర రంగు కాగితం చూపగల రంగుల పరిధి దాటితే కుచ్చిళ్లన్నీ కలిసి ఒకే ఎర్ర ముద్ద అవుతాయి. అప్పుడు చీర వరకే సాచురేషన్ (రంగు గాఢత) తగ్గించాలి. ఫోటో మొత్తానికి తగ్గిస్తే ముఖాలు పాలిపోతాయి. ఆపైన సైజుకు తగ్గ షార్పెనింగ్ (అంచులు స్పష్టంగా కనిపించేలా చేయడం), చిన్న టెస్ట్ ప్రింట్, తేడా ఉంటే మళ్లీ మొదలు.

పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉన్న ఫోటోను 8×10 అంగుళాల ప్రింటుకు కత్తిరిస్తే పొడవులో ఆరో వంతు పోతుంది, గ్రూపులో చివరన నిలబడ్డవాళ్లతో సహా. ధర మాట్లాడేటప్పుడే కలర్ కరెక్షన్, రీప్రింట్ అందులో ఉన్నాయా అని అడగండి.