ఖాళీ బిందె, దిష్టిబొమ్మ, సెక్షన్ 30

ప్రశ్న: మా వీధికి 12 రోజులుగా మంచినీటి ట్యాంకరు రాకపోవడంతో ఆడవాళ్లం ఖాళీ బిందెలు పట్టుకుని రోడ్డు మీద బైఠాయించాం. సంబంధిత అధికారిని ‘దద్దమ్మ’ అని అట్ట మీద రాసి, ఆయన దిష్టిబొమ్మను తగలబెట్టాం. సెక్షన్ 30 అమల్లో ఉందని, పైగా అధికారిని దూషించామని, కేసు తప్పదని పోలీసులు అంటున్నారు. మాట అన్నందుకే కేసా?
- ఒక పాఠకురాలు, కనిగిరి ప్రాంతం

జవాబు: మాట అనడాన్ని, రోడ్డు మీద బైఠాయించడాన్ని చట్టం ఒకే గాటన కట్టదు. ‘దద్దమ్మ’ అనిపించుకోవడం ఎవరికీ ఇంపుగా ఉండదు. కాని ఇంపుగా లేని మాటలన్నీ నేరాలు కావు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యానికి 19(2)లో పేర్కొన్న కారణాలపైనే హద్దులు పెట్టవచ్చు. శాంతిభద్రతలు, సభ్యత, పరువు నష్టం వంటివి అందులో ఉన్నాయి గాని, అధికారి నొచ్చుకోవడం లేదు. ఆన్‌లైన్‌లో చిరాకు కలిగించే సందేశాలు పంపడాన్ని సైతం నేరం చేసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. ఒక మాట ప్రభావాన్ని దృఢచిత్తుల ప్రమాణంతో కొలవాలే తప్ప, ప్రతి విమర్శకూ ఉలిక్కిపడేవారి ప్రమాణంతో కాదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులోనూ చెప్పింది.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 352 సెక్షన్ కింద అవమానం నేరం కావాలంటే, ఎదుటివారు రెచ్చిపోయి శాంతిభంగానికో మరో నేరానికో దిగాలన్న ఉద్దేశమో, అలా జరగవచ్చన్న ఎరుకో ఉండాలి. అదీ, పరువు నష్టానికి సంబంధించిన 356వ సెక్షనూ నాన్ కాగ్నిజబుల్ నేరాలే కనుక, ఆ రెండింటి మీదే అయితే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. అయితే ఆయన లంచం తిన్నాడని ఆధారం లేకుండా రాసినా, కులం పేరెత్తి తిట్టినా నా జవాబు ఇలా ఉండేది కాదు.

ఇక సెక్షన్ 30. ఇది 1861 నాటి పోలీసు చట్టంలోనిది. సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికే గాని మూకుమ్మడిగా నిషేధించడానికి కాదు. మీకు దగ్గరలోని కందుకూరులో 2022 డిసెంబరు 28న రాజకీయ సభ తొక్కిసలాటలో 8 మంది చనిపోయాక, రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఈ సెక్షన్ ఆధారంగానే తెచ్చిన జీవో 1ని 2023 మేలో మన హైకోర్టు కొట్టివేసింది.

మీ పక్షం బలహీనపడేది బైఠాయింపు దగ్గరే. ప్రజల దారిని నిరవధికంగా ఆక్రమించి నిరసన తెలపడం కుదరదని ఢిల్లీలోని షాహీన్‌బాగ్ బైఠాయింపుపై సుప్రీంకోర్టు తీర్పు 2020లో స్పష్టం చేసింది. దారికి అడ్డం కలిగిస్తే న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. దిష్టిబొమ్మ విషయంలో చూడవలసింది అది ఎవరి బొమ్మ అన్నది కాదు, ఆ మంట పక్కన పిల్లలో, వాహనాలో ఉన్నాయా అన్నది.

కేసు పెడితే ఏయే సెక్షన్ల కింద పెట్టారో ముందు తెలుసుకుని న్యాయవాదిని కలవండి. ఈసారి బిందెలను రోడ్డు వారగా పెట్టండి. ముందురోజే స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.